ఎండ చూస్తే తుమ్మే మనిషి

కింగ్‌స్టన్, ఓక్లహామా
జనవరి 23, మంగళవారం

చిరంజీవి షెల్బీకి,

ఓరెన్ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మ, నేను, నా పడవ, ముగ్గురమూ కులాసా. అక్కడ తుల్సాలో నువ్వూ గారెట్టూ కులాసాగా ఉన్నారని, పెళ్ళి పనుల్లో పడి వేళకు తినడం మానేయలేదని తలుస్తాను.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్లో చెబుదామంటే మన ఇంటి సంగతి నీకు తెలుసు కదా. నేను హలో అనేలోగా ఫోను మీ అమ్మ చేతిలో ఉంటుంది. ఆవిడ పెట్టేసేసరికి నేను చెప్పాలనుకున్నది మర్చిపోయి ఉంటాను. పైగా ఫోను చెవికి ఆనించుకుంటే నాకు వాతావరణం తప్ప వేరే మాట రాదు. కాగితమైతే ఎవరూ లాక్కోరు. నచ్చని మాట కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఈ ఉత్తరంలో కొట్టివేతలు చూసి నవ్వకు.

క్రిస్మస్‌కి వచ్చి వెళ్ళిపోయే పొద్దున, కారు అద్దం మీది మంచు గీకుతూ నన్నొక మాట అడిగావు. నాన్నకు శుభలేఖ పంపాను, పెళ్ళికూతురి తండ్రిగా చర్చిలో నా పక్కన నడవమని కూడా రాశాను, ఉలుకూ లేదు పలుకూ లేదు, ఆయన రాకపోతే నువ్వు నడుస్తావా ఓరెన్, అన్నావు. దానికి నేను, ముందు ఆ వెనక టైర్లలో గాలి చూసుకో, అన్నాను. నువ్వు ఇంకేం మాట్లాడకుండా కారెక్కావు. దారంతా తిట్టుకునే ఉంటావు. తిట్టుకోదగ్గ పనే చేశాను. ఆ జవాబు ఇవాళ ఇస్తున్నాను. అయితే ముందు కాస్త చేపల కబుర్లు వినక తప్పదు. ఆ జవాబు నాకు దొరికింది సరస్సు మీదే.

ఈసారి టెక్సోమా సరస్సు మీద చలి చంపేస్తోంది. వాగులు కలిసే చోట ఒడ్డు వెంబడి నీళ్ళు పెళుసుగా గడ్డకట్టాయి. ఎర చేపలు చలికి తట్టుకోలేక చచ్చి తేలుతుంటే సీగల్ పక్షులు కూర్చున్నచోటే కడుపు నింపుకుంటున్నాయి. అందుకని పక్షులు ఎగిరే చోట చేపలుంటాయని వాటిని నమ్ముకుని పడవ తోలేవాళ్ళంతా ఖాళీ చేతులతో ఇంటికెళుతున్నారు. చారల చేపలు మాత్రం ఆనకట్ట కట్టకముందు నది పారిన పాత కాలువలోకి దిగి, ఆ లోతులో మందలుగా ముడుచుకుని కూర్చున్నాయి. ఇలాంటప్పుడు అవి దేని వెంటా పరిగెత్తవు. ఎర వాటి మూతి దగ్గరికి వెళ్ళి బతిమాలాలి.

పోయిన గురువారం ఒకాయన ఒంటరిగా పడవ మాట్లాడుకున్నాడు. జనవరిలో నా పడవెక్కేవాళ్ళు మామూలుగా నలుగురు స్నేహితులు కలిసి వస్తారు. అందులో ఒకడు పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాడై ఉంటాడు. ఒంటరిగా వచ్చేవాళ్ళు తక్కువ. పేరు హాస్కెల్ అన్నాడు, అమరిల్లో వైపు నుంచి అన్నాడు. నా వయసే ఉంటుంది, కాకపోతే నా కంటే ఎక్కువ జుట్టుంది. ఒంటి మీద కొత్త కోటు, దుకాణంలో కట్టిన చీటీ దారం చంకలో వేలాడుతూనే ఉంది. అది చూసి, ఈయనకు చేపలంటే ఎంత తెలుసో అర్థమైపోయింది.

దారిలో తినమని మీ అమ్మ ఇచ్చిన సాసేజ్ రొట్టెల పొట్లం విప్పి ఆయనకొకటి ఇచ్చాను. ఒక ముక్క కొరికి, నమలడం ఆపి, ఆ రొట్టె వంక చూశాడు. ఉప్పు ఎక్కువైంది కదూ, మా ఆవిడ చెయ్యి అంత, అన్నాను. లేదు లేదు బాగుంది అంటూ చివరి ముక్కదాకా తిన్నాడు. మీ అమ్మ రొట్టెను అంత భక్తిగా తిన్న మనిషిని నేను ఈమధ్య చూడలేదు.

ఆనకట్ట వైపు నుంచి సూర్యుడు పైకొచ్చాడు. ఆయన అటు తిరిగి మొహం ఎత్తాడో లేదో తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. టోపీ చేత్తో అదిమి పట్టుకుని ఆగకుండా తుమ్ముతూ పోయాడు. చివరి తుమ్ము తోక తొక్కిన పిల్లిపిల్ల అరుపులా సన్నగా వచ్చింది.

నా చెయ్యి మోటారు మీద అలాగే ఉండిపోయింది. ఆ తుమ్ము నేను ఎన్ని చలికాలాలు విన్నానమ్మా! మొదటిసారి నిన్ను పడవెక్కించిన రోజు, రెండో తరగతి చదువుతున్నావు, సూర్యుణ్ణి చూసి అచ్చం ఇలాగే తుమ్మావు. జలుబు చేసిందని భయపడి పడవ వెనక్కి తిప్పి నిన్ను ఇంటికి తీసుకొచ్చేశాను. మీ అమ్మ నన్ను చూసి పకపకా నవ్వి, జలుబూ లేదు గిలుబూ లేదు, ఎండ చూస్తే తుమ్ముతుంది, వాళ్ళ నాన్న పోతూ పోతూ దానికి వదిలిన ఆస్తి అదొక్కటే, అంది.

అదీ సంగతి. హాస్కెలూ కాదు, పాడూ కాదు. నా పడవలో కూర్చుని ముక్కు తుడుచుకుంటున్న మనిషి మీ నాన్న లానీ క్రెన్షా.

నేను బయటపడలేదు. ఆయనా బయటపడలేదు. కానీ ఒకటి గమనించాను. గాలం గడ కట్టడం ఎలా, ఎర గుచ్చడం ఎలా అని అడగాల్సిన మనిషి నన్ను గురించే అడుగుతున్నాడు. పెళ్ళయి ఎన్నాళ్ళయింది, సాయంత్రాలు ఏం చేస్తావు, మందు అలవాటుందా, చర్చికి వెళతావా. నేను, ఏం పెద్దాయనా, నాకేమైనా సంబంధం చూస్తున్నావా, అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నీకు కోపమొస్తే అలాగే ఎర్రబడతాయి.

పాత కాలువ మీద పడవ ఆపి, బతికున్న ఎరలు కట్టి గడలన్నీ వాటి వాటి గొట్టాల్లో నిలబెట్టాను. ఇక చెయ్యాల్సింది ఏమీ చెయ్యకుండా ఉండటమే. ఆయనకు అదే చేతకాదు. గడ కొస కాస్త వణికితే చాలు, ఎగిరి దాన్ని పట్టుకుని బలమంతా పెట్టి లాగడం, కింద ఎర ఊడిపోవడం. ఇలా మూడు నాలుగుసార్లయ్యాక నాకు విసుగొచ్చి, “అయ్యా, నీకు దండం పెడతాను, ముట్టుకోకు. చలికాలంలో ఇది గబుక్కున లాక్కుపోదు. పెదాలతో పట్టుకుని ఆలోచిస్తుంది. గడ వంగి నీళ్ళలో మునిగేదాకా చేతులు జేబుల్లో పెట్టుకో” అన్నాను.

“ఓపిక పట్టడం మా ఇంటా వంటా లేదు గురూ” అన్నాడు.

“అది ఇప్పుడైనా నేర్చుకోవచ్చు, ఫీజేం లేదు” అన్నాను. నా గొంతులో కాస్త కారం తగిలిందనుకుంటాను. ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎంతసేపటికీ, నీళ్ళ కింద చేపల్ని చూపించే యంత్రం తెర మీద చేపలు అడుగునే గీతల్లా కదలకుండా ఉన్నాయి. ఇక లాభం లేదని చీపురు కర్ర ఆయన చేతికిచ్చి, పడవ నేల మీద దరువెయ్యమన్నాను. ఆటపట్టిస్తున్నానేమో అనుకుని నా మొహంలోకి చూశాడు. నిజమే బాబూ, ఈ సరస్సు మీద అందరం అదే చేస్తాం, ఆ చప్పుడుకు అవి ఎందుకు పైకొస్తాయో ఎవరికీ తెలియదు, రావడం మాత్రం వస్తాయి, అన్నాను. అప్పుడు కొట్టాడు. ఎలా కొట్టాడనుకున్నావు? అప్పు అడగడానికొచ్చినవాడు తలుపు తట్టినట్టు, టక్... టక్...

“ఇదేం కొట్టుడయ్యా! లోపల ఎవరైనా ఉన్నారేమోనని భయమా? మా అమ్మాయి బూట్లేసుకుని ఇక్కడ గెంతిందంటే అవతల టెక్సస్ ఒడ్డున చేపలు కూడా ఇటు పరిగెత్తుకొచ్చేవి” అన్నాను.

అనేసి నాలుక్కరుచుకున్నాను. మా అమ్మాయి అన్న మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. నీ ఎదురుగా ఎప్పుడూ అనలేదు, కోపం తెచ్చుకోకు. నువ్వు నన్ను ఓరెన్ అంటావు, నేను నిన్ను షెల్బీ అంటాను, ఆ లెక్క మనిద్దరికీ సరిపోయింది. పడవలో ఎక్కిన కొత్తవాళ్ళతో మాత్రం నోటికి అలాగే వస్తుంది.

ఆయన కర్ర పక్కన పెట్టాడు. “మీ అమ్మాయా?” అన్నాడు.

అవును, మా అమ్మాయి, అన్నాను. అనడం ఎలాగూ అన్నాను, ఇక వెనక్కి తీసుకోవడమెందుకు?

కాసేపు నీళ్ళవంక చూసి, “నేనెవరో నీకు తెలిసిపోయినట్టుంది” అన్నాడు. నువ్వు తుమ్మినప్పుడే తెలిసింది లానీ, అన్నాను. ఆయన నవ్వబోయాడు. అది నవ్వు కాలేదు. చేత్తో కళ్ళు మూసుకున్నాడు. “ఆ రొట్టె తిన్నప్పుడే దిగిపోవాల్సింది. రోండా చేతి ఉప్పు ఇంకా తగ్గలేదు” అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎడమ పక్క గడ వంగింది. వంగి వంగి కొస నీళ్ళలో మునిగింది. షెల్బీ, ఇన్నేళ్ళ గైడు బతుకులో వంగిన గడను చూసి కూడా కదలకుండా కూర్చోవడం అదే మొదలు. ఆయనా కదల్లేదు. చేప దాని ఇష్టమొచ్చినంత దారం లాక్కుని, తెంపుకుని, దాని దారిన అది పోయింది. పోనీలే అనుకున్నాం.

ఆయన చెప్పినదంతా రాయను, కొన్ని ఆయనే నీకు చెప్పుకోవాలి. తాగుడు మానేసి చాన్నాళ్ళయిందట. మొహం చూస్తే అబద్ధమనిపించలేదు. నీ శుభలేఖను వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించుకుని రోజూ చూస్తున్నాడట. ఫోను తీయడం, పెట్టేయడం, అదే పనట. చివరికి, “పెళ్ళికి నేను రాను. ఏ మొహం పెట్టుకుని వస్తాను? నేను రాకపోతే దాని పక్కన నడిచేది నువ్వేనని ఊహించాను. ఆ మనిషి ఎలాంటివాడో ఒకసారి కళ్ళారా చూసి పోదామని వచ్చాను. చూశాను. నువ్వే నడువు” అన్నాడు.

అర్థమైందా తల్లీ? నేను నోరు తెరవక్కర్లేదు. ఊరికే తలూపితే చాలు, ఆ చోటు నాది. మీ నాన్న తనంతట తానే వదులుకుని, నా చేతిలో పెట్టి, అమరిల్లో వెళ్ళిపోయేవాడు. నీకు ఆయన వచ్చిన సంగతి కూడా తెలిసేది కాదు.

తలూపలేదు. ఆయనతో అన్నదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే రేపు ఆయన వేరేగా చెప్పినా చెబుతాడు. “లానీ, ఆ పిల్ల అడిగింది నిన్ను. నువ్వు రాకపోతేనే నన్ను. రాకుండా ఉండటం నీకు కొత్తేం కాదు, అందులో ఆరితేరావు. ఈ ఒక్కసారికి ఆ అలవాటు పక్కన పెట్టు. అది తలుపు దగ్గర నిలబడి ఎవరి కోసం చూడాలో తెలియకుండా చూస్తుంటే నేను చూడలేను” అన్నాను.

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, “మరి రోండా?” అన్నాడు చిన్న గొంతుతో. పెనం విసిరితే తగలనంత దూరంలో నిలబడు, మిగతాది నేను చూసుకుంటాను, అన్నాను. అప్పుడు నవ్వాడు, ఈసారి నిజంగానే. ఆ తర్వాత ఆయనకొక మంచి చేప పడింది. జేబుల్లోంచి చేతులు తీయకుండా గడ మునిగేదాకా ఆగాడు. పైకి తీశాక దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, దాని చారలన్నీ చూసి, ఉంచుకోకుండా నీళ్ళలోకి వదిలేశాడు. నేను వద్దనలేదు.

ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పాను. ముందు గిన్నెలు మోగాయి. తర్వాత మాటలు మోగాయి. భోజనం దగ్గర, నా వంక చూడకుండా, ఏం వేసుకొస్తాడట పెళ్ళికి, అని అడిగింది. అంటే ఒప్పుకున్నట్టే.

కాబట్టి షెల్బీ, నువ్వడిగిన దానికి జవాబు ఇది. నేను నడవను. మీ నాన్న నడుస్తాడు. ఈ వారంలో నీకు ఫోను చేస్తానని నాకు మాటిచ్చాడు. చెయ్యకపోతే నువ్వే చెయ్యి, నంబరు వెనక రాశాను. పెళ్ళి గంట ముందుకు జరిగిందని చెప్పు, అప్పుడు వేళకు వస్తాడు. నా సంగతి అంటావా, నాకు అంతమంది ముందు నడవడం ఏం బాగుంటుంది? మెడకు టై కడితే ఊపిరాడదు. జనం నా వైపు చూస్తే కాళ్ళు తడబడతాయి. ఇదంతా నీకు తెలిసిందే. నేను ముందు వరసలో మీ అమ్మ పక్కన కూర్చుంటాను. ఆలోచించి చూస్తే అదే మంచి చోటు. పక్కన నడిచేవాడికి నీ మొహం కనిపించదు కదా. కూర్చున్నవాడికి మొదటి నుంచి చివరిదాకా కనిపిస్తుంది. నాకు అది చాలు.

గారెట్‌కు నా దీవెనలు. పెళ్ళివారికి వేయించడానికి చేప ముక్కలు సిద్ధం చేసి గడ్డకట్టించి పెట్టాను, మొక్కజొన్న పిండి మీ అమ్మ చూసుకుంటుంది. అన్నీ మనవే, కొన్నవి కావు. వంటవాళ్ళకు చెప్పు, వేయించేటప్పుడు నూనె బాగా కాగాలని. చల్లటి నూనెలో వేస్తే నేను ఊరుకోను.

ఎక్కడున్నా నీ మేలు కోరుకునే
ఓరెన్

తా.క. ఇది రాస్తున్నది నేను, అమ్మను. స్టాంపు అంటించి పోస్టు చెయ్యమని ఉత్తరం నా చేతికిచ్చి ఆయన సరస్సు మీదికి పోయాడు. చదవకుండా పోస్టు చేసే రకాన్ని కానని తెలిసి కూడా ఇచ్చాడంటే ఆ తప్పు ఆయనదే.

ఉత్తరంలో చేపల సంగతి అంతా నిజం, లానీ సంగతి అంతా నిజం. చివర నాకు అది చాలు అన్నాడు చూడు, అదొక్కటే పచ్చి అబద్ధం.

నువ్వు కారెక్కి వెళ్ళిన మర్నాడే డెనిసన్ వెళ్ళి సూటు కొనుక్కొచ్చాడు. బూడిద రంగుది. నాకు కనబడకూడదని నా చలికోట్ల వెనకే దాచాడు, చూడు ఆయన తెలివి! ఆ మోకాలికి ఇంజెక్షన్ చేయించుకో మహానుభావా అని నేను ఎన్నేళ్ళ నుంచి మొత్తుకుంటున్నానో నీకు తెలుసు. ఏనాడూ వినలేదు. ఈ నెల మొదట్లో తనంతట తానే డాక్టరు దగ్గరికి వెళ్ళి పొడిపించుకొచ్చాడు. ఎందుకయ్యా ఇప్పుడు అంటే, పడవెక్కడం కష్టంగా ఉంది అన్నాడు. కుంటుతూ నీ పక్కన నడిస్తే నీకు చిన్నతనమవుతుందని ఆయన భయం.

ఒకరోజు నేను దుకాణం నుంచి తొందరగా వచ్చేశాను. పడవల షెడ్డులో ఉన్నాడు. పక్కన ఎవరో పట్టుకున్నట్టు మోచెయ్యి మడిచి, ఈ గోడ నుంచి ఆ గోడకు నెమ్మదిగా నడుస్తున్నాడు. పక్కనున్న గాలితో మాట్లాడుతున్నాడు. “తొందరేం లేదమ్మా, నువ్వు ఎంత నెమ్మదిగా నడిస్తే అంత నెమ్మదిగా నడుద్దాం” అంటున్నాడు. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళి, కారు తలుపు గట్టిగా వేసి, అప్పుడే వచ్చినట్టు పిలిచాను. తాడు వెతుక్కుంటున్నానన్నాడు. ఇది గురువారానికి ముందు సంగతి. లానీ వెళ్ళిపోయాక ఆ షెడ్డులోకి అడుగుపెట్టలేదు.

లానీ వస్తే రానీ. పెనం బయటికి తియ్యను, మాటిస్తున్నాను. ఆయనకు కుర్చీ ఉంటుంది, భోజనం ఉంటుంది. ఎవరి చెయ్యి పట్టుకుని నడవాలన్నది మాత్రం నీ ఇష్టం, నేను చెప్పను. చిన్నపిల్లవా?

కానీ ఒక సంగతి నీకూ తెలుసు. ఆ మనిషి నా చేతి పెకాన్ పప్పు మిఠాయి ముక్క కూడా మొదటిసారి అడిగితే వద్దనే అంటాడు. మళ్ళీ అడగాలి. అప్పుడు ప్లేటు చాచుతాడు. నువ్వు క్రిస్మస్‌కి ఒక్కసారే అడిగి కారెక్కిపోయావు.

ఇంకోసారి అడుగు. ఫోన్లో కాదు, వచ్చి అడుగు.